ట్రాక్టరు ఇంజను వేడెక్కుట: కారణములు, పరీక్షలు, నివారణోపాయములు

మన సంఘ సభ్యులలో సొంతముగా ట్రాక్టరు గలవారును, బాడుగకు తెచ్చుకొని దున్నించువారును పలువురు గలరు. కొన్నవారిలో అప్పుచేసి కొన్నవారు తక్కువగారు. ఆ యంత్రము తిరిగిననే వాయిదా సొమ్ము చేతికి వచ్చును, నిలిచినచో రాదు. యంత్రమును నిలుపు వ్యాధులలో ఇంజను వేడెక్కుట ముఖ్యమైనది. తఱచు దీని కారణము స్వల్పము, చికిత్సకగు ఖర్చు అత్యల్పము. ఉపేక్షించినచో మాత్రము నష్టము అపారము. కావున ఈ నెల ఆ విషయమునే పాఠముగా వ్రాయుచున్నాము.

మేమెఱిగిన రైతొకరు వరినాట్లకు దమ్ము చేయుచుండగా వేడిని చూపు మీటరు ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. కాలువ నీటి వంతు ఆ సాయంకాలముతో ముగియనుండెను. “ఇంకెంత, రెండు మడులేగదా” యని ఆయన ఆపక దున్నెను. రెండవ మడి పూర్తిగాకముందే ఇంజను నిలిచిపోయెను. విప్పి చూడగా సిలిండరు హెడ్డు వంగి, దాని క్రింది గాస్కెట్టు కాలియుండెను. ఇంతకును మూలకారణమేమన, రేడియేటరు ముందరి జల్లెడకు పట్టిన గడ్డియు, బురదయు. చేతితో దులిపివేయదగిన చెత్త ఆ యేటి నాట్ల అదనును హరించినది.

నీరు చేయు పని

డీజిలు మండుటచే పుట్టు వేడిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. మఱియొక మూడవ వంతు పొగతో వెలికి పోవును. మిగిలినదానిలో అధికభాగమును నీరు మోసికొని పోవలెను. వాటరు పంపు ఈ నీటిని ఇంజను గోడలలో త్రిప్పును. అచట వేడెక్కిన నీరు పై హోసు గొట్టము ద్వారా రేడియేటరునకు వచ్చి, సన్నని గొట్టములలో దిగుచు, వాని చుట్టునున్న రేకులకు తన వేడినిచ్చును. ఫ్యాను లాగు గాలి ఆ వేడిని కొనిపోవును. చల్లారిన నీరు క్రింది గొట్టము ద్వారా మఱల ఇంజను చేరును. కావున నీరు తగ్గినను, నీరు తిరుగకున్నను, గాలి ఆడకున్నను ఇంజను వేడెక్కును. దోషమును ముందుగా ఈ మూడింటిలోనే వెదకవలెను.

ముల్లు పైకి పోయినప్పుడు

మొదట ఇంజనుపై బరువు తగ్గింపుడు. నాగలిని పైకెత్తి, రెండు మూడు నిమిషములు ఇంజనును తక్కువ వేగమున తిరుగనిచ్చి, పిమ్మట ఆపుడు. నీరు కారిపోవుచున్నను, బెల్టు తెగినను, ఆవిరి చిమ్ముచున్నను, ఇంజను నూనె దీపము వెలిగినను అంతకాలము వేచియుండక తక్షణమే ఆపవలెను.

వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. నీరు మామూలుగా 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. మూత బిగువుచే లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలో చొప్పున పెరిగినచో 120 డిగ్రీల దాపునకు గాని మరుగదు. అట్టి స్థితిలో మూత తీసినచో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, కాగిన నీరు ఆవిరితో గూడి ముఖముమీదికి ఎగజిమ్మును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి? అరగంటకు తక్కువగాకుండ వేచి, పై గొట్టము చేతికి చల్లగా తగిలిన పిమ్మటనే, మూతపై మందపు గుడ్డ కప్పి, మొదటి మెట్టువఱకు మాత్రము త్రిప్పి, మిగిలిన ఆవిరి పోనిచ్చి, తరువాత తీయవలెను.

అట్లే కాగియున్న ఇంజనుమీద గాని, దానిలోనికి గాని చన్నీరు పోయరాదు. కాగిన లోహము ఒక్కసారి చల్లబడినచో హెడ్డు బీటలు వారవచ్చును.

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చుగల పరీక్ష వెనుక చేయవలెను. ఇంజను ఆపి, చల్లారిన తరువాతనే ఇవి చేయదగినవి.

1. నీరు: రేడియేటరులోని సన్నని గొట్టముల తలలు నీట మునిగి యున్నవేమో చూడుడు. తగ్గినచో పోయుడు. మరునాడు మఱల తగ్గినచో ఎచటనో కారుచున్నదని తెలియవలెను.

2. రేకులు: నూర్పిడి కాలమున పొట్టు, ఊక, దుమ్ము, దమ్ము కాలమున బురద రేకుల సందులను మూసివేయును. గాలి ముందునుండి లోనికి పోవును గనుక, ఫ్యాను వైపునుండి ముందువైపునకు నీటితో గాని గాలితో గాని కడుగవలెను. ధార అతివేగముగా నున్నచో రేకులు వంగును. ముందరి జల్లెడను నూర్పిడి దినములలో పూటకొకసారి దులుపుడు.

3. ఫ్యాను బెల్టు: రెండు కప్పీల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో ఇంచుమించు అర అంగుళము దిగవలెను. సరియైన కొలత యంత్రముతో నిచ్చిన పుస్తకమున నుండును. అంతకంటె వదులైనచో బెల్టు జారి, ఫ్యానును పంపును మందగించును. బీటలు, నూనె మరకలు ఉన్నచో మార్పుడు.

4. గొట్టములు: నొక్కి చూడుడు. మెత్తబడినవియు, ఉబ్బినవియు, పగిలినవియు మార్చదగినవి. క్రింది గొట్టము మెత్తబడినచో ఇంజను వేగమందుకొన్నప్పుడు పంపు ఈడ్పునకు అణగి నీటిదారిని మూయును. నిలిపియున్నప్పుడు బాగుగనే కనబడును గనుక ఈ దోషము పలువురను మోసగించును.

5. మూత: రబ్బరు చెడినను, స్ప్రింగు బలము తగ్గినను ఒత్తిడి నిలువక నీరు ముందే మరిగి పొంగిపోవును. ఇంజను చల్లారిన పిమ్మట పై గొట్టము లోనికి అణగియున్నచో మూతలోని చిన్న కవాటము పట్టుకొనిపోయినదని అనుమానింపవలెను. క్రొత్త మూతను పాతదానిపై నున్న ఒత్తిడి అంకెను బట్టియే కొనుడు.

6. థర్మోస్టాటు: ఇది ఇంజను తగినంత వేడెక్కువఱకు నీటిని రేడియేటరునకు పోనీయక ఆపు కవాటము. ముల్లు పైకి పోయినను పై గొట్టము చల్లగానే యున్నచో ఇది తెఱచుకొనుటలేదని అనుమానింపవచ్చును. దీనిని తీసి, గిన్నెలోని నీటిలో అడుగు తగులకుండ దారముతో వ్రేలాడదీసి, ఆ నీటిని కాచుడు. అనేక ఇంజనులలో ఇది 82 డిగ్రీల ప్రాంతమున తెఱచుకొన మొదలిడును. సరియైన అంకె దానిమీదనే చెక్కియుండును. నీరు మరుగుచున్నను తెఱచుకొననిచో మార్పుడు.

7. వాటరు పంపు: పంపు అడుగున చిన్న రంధ్రమొకటి యుండును. దానినుండి నీరు కారినచో లోపలి సీలు అరిగినది. ఫ్యాను రెక్కను పట్టి కదపగా ఊగినచో బేరింగు అరిగినది.

మేస్త్రిని పిలువవలసిన గురుతులు

చల్లని ఇంజనునకు నీరు నింపి, మూత పెట్టక నడిపినప్పుడు నీటిలో బుడగలు ఎడతెగక లేచుచుండినను, ఇంజను నూనె మజ్జిగవలె తెల్లబడినను, వేడెక్కిన పిమ్మట కూడ తెల్లని పొగ ఆగకున్నను, హెడ్డు గాస్కెట్టు చెడినదని శంకింపవలెను. అట్టి యంత్రమును ఇక నడుపక మేస్త్రికి చూపవలెను. ఈ గురుతులు లేకయే, పై పరీక్షలు చేయకయే ఇంజనును విప్పించుట కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లగును.

థర్మోస్టాటును తీసి పాఱవేసినచో వేడి తగ్గునని చెప్పువారు గలరు. ఈ సలహా వినదగినది కాదు. చాలినంత వేడి లేని ఇంజనులో డీజిలు సరిగా మండక, ఇంజను నూనెలో దిగి, సిలిండరులను త్వరగా అరుగజేయును.

ఎట్టి నీరు పోయవలెను?

బోరు నీటిలో సున్నపు అంశము మిక్కుటమైనచో వంటపాత్రలకు పట్టు తెల్లని పొరయే ఇంజను లోపలను పట్టును. ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. కావున డిస్టిల్డు నీటిలో కంపెనీవారు చెప్పిన పాళ్లలో కూలెంటును కలిపి పోయుట మేలు. మన ప్రాంతమున నీరు గడ్డకట్టు భయము అరుదైనను, కూలెంటు త్రుప్పును ఆపును; నీరు మరుగు వేడిని పెంచును. నియమిత కాలమున దీనిని పూర్తిగా దింపి, లోపల కడిగి, క్రొత్తది నింపవలెను. పలు కూలెంటులలో నుండు ఇథిలీను గ్లైకాలు తియ్యగా నుండు విషము. దింపిన ద్రవమును గట్టుమీదను, పశువుల తొట్టిదాపునను పాఱబోయరాదు. పిల్లలకును, కుక్కలకును అందనీయరాదు.

కారులు గల సభ్యులకును ఈ క్రమమే వర్తించును. కాని పలు కారులలో ఫ్యాను విద్యుత్తుతో తిరుగును. ఇంజను ఆగిన తరువాత కూడ అది అకస్మాత్తుగా తిరుగవచ్చును. కావున బ్యాటరీ తీగ విప్పనిదే దానిదాపునకు చేయి పోనీయరాదు. ముల్లు పెరిగినను ఫ్యాను తిరుగనిచో ముందు ఫ్యూజును చూడవలెను.

ముగింపు

ఉదయము ట్రాక్టరు తీయకముందు నీరు, నూనె, బెల్టు, రేకులు, ఈ నాలుగింటిని చూచుటకు అయిదు నిమిషములు చాలును. పశువులకు మేత వేయనిదే కాడి కట్టని రైతునకు ఇది క్రొత్తగా నేర్పవలసిన ధర్మము గాదు. బాడుగకు తెచ్చినవారును, జీతమునకు నడుపువారును ముల్లు పెరిగినప్పుడు ఆపుటకు జంకరాదు. యజమాని వారిని కోపింపరాదు. పని తొందరలో ఒక గంట ఆగుట కష్టమే. కాని ఆ గంట ఆగనందున నెలదినములు ఆగవలసి వచ్చుట అంతకంటె కష్టము. ఒక బెల్టును, ఒక మూతను, రెండు హోసు గొట్టములను దమ్ము మొదలగుటకు ముందే కొని ఇంట నుంచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము.