అలసట పాపము కాదు



మన ఉక్కు కర్మాగారంలో పని రాత్రింబవళ్ళు షిఫ్టులుగా సాగుతుంది. బ్లాస్ట్ ఫర్నేసుకు ఆదివారం లేదు. కాని మనిషి కొలిమి కాదు. రాత్రి డ్యూటీ దిగినవాడు పగలు నిద్రపోవలసిన వేళ పిల్లల ఫీజు, తల్లిదండ్రుల ఆసుపత్రి, చెల్లెలి పెళ్ళి అప్పు తలుపు తడతాయి. ఉద్యోగం చేసే ఇల్లాలికైతే ఇంటికి రావడమే రెండవ షిఫ్టు.

ఉద్యోగపు ఒత్తిడివలన మనిషి హరించుకుపోయే ఈ స్థితికి 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు గుర్తులు చెప్పింది: శక్తి ఉడిగిపోవడం, పనిపై విముఖత, పనిలో సామర్థ్యం తగ్గడం. దీనిని రోగమని అనలేదు. అయితే ఇంటి భారం విశ్రాంతిని కూడ మ్రింగివేస్తే ఆ ఒత్తిడి తీరే దారి మూసుకుపోతుంది.

ఏలీయా ప్రవక్త చావు కోరి ఎడారిలో చెట్టుక్రింద పడుకొన్నప్పుడు దేవుడు గద్దించలేదు. దూతచేత రొట్టెను, నీటిని ఇప్పించి, మరల నిద్రపోనిచ్చాడు. ప్రయాణం మాట ఆ తరువాతనే.

పని మనిషికొరకే గాని మనిషి పనికొరకు కాదని 1981లో రెండవ జాన్ పాల్ పాపుగారు తమ విశ్వలేఖలో బోధించారు. కనుక అధికారులారా, సెలవు కోరినవానిని సోమరి అనకండి. కుటుంబీకులారా, డ్యూటీ దిగినవారి నిద్రను కాపాడండి, ఇంటిపనిని పంచుకొనండి. వారాల తరబడి నీరసం, చిరాకు తగ్గకపోతే వైద్యునికి చూపించండి. అది అవిశ్వాసం కాదు. మద్యం మాత్రం మందు కాదు.

ఈ వారం ధ్యానించవలసిన ప్రశ్న: మన ఇంట్లో అందరికంటె ఆలస్యంగా పడుకొని, ముందుగా లేచేది ఎవరు?