కంప్యూటరు తెరమీద తెలుగు

రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ పట్టణాలలో తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలకు రెండు మూడు భాషలు అలవోకగా వస్తాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతారు. సంతరోజున కొండ దిగి వచ్చేవారి నోట కువి, సవర మాటలు వింటారు. ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అంతకుముందు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. అందువల్లనే ఇక్కడ తెలుగు బడులు, తెలుగు వీధులు నేటికీ కనిపిస్తాయి.

ఇన్ని భాషలు వచ్చిన పిల్లవాడు మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తెరమీద అన్నీ ఇంగ్లీషు మాటలే. తనకు తెలిసిన అక్షరం ఒక్కటైనా కనిపించదు. "ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో!" అని చేయి వెనక్కు తీసుకుంటాడు. తెలివి లేక కాదు, భయం వల్ల. ఈ భయాన్ని పోగొట్టడమెలాగో చూద్దాం.

కంప్యూటరులో అన్ని పనులనూ నడిపే వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. తెలుగులో నిర్వాహక వ్యవస్థ అనవచ్చు. రాయగడ స్టేషనులో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో చూసే స్టేషను మాస్టరు వంటిది ఇది. అక్షరం టైపు చేసినా, బొమ్మ గీసినా, పాట విన్నా దాని అనుమతితోనే జరగాలి.

1980ల నాటి కంప్యూటర్లలో ఎక్కువగా నల్లని తెర, దానిమీద అక్షరాలు మాత్రమే ఉండేవి. ఆజ్ఞలను కంఠస్థం చేసి టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పినా "బ్యాడ్ కమాండ్" అని కసురుకొనేది. ఆ బాధ తప్పించడానికి తెరను ఆఫీసు బల్లలాగా మార్చారు. 1981లో జెరాక్స్ సంస్థ, 1984లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన యంత్రాలలో కాగితాలు, అట్టలు, చెత్తబుట్ట బొమ్మలుగా వచ్చాయి. మౌసుతో బొమ్మను చూపి నొక్కితే చాలు. 1990లో వచ్చిన విండోస్‌లో పేకముక్కల ఆట ఒకటి ఉండేది. ముక్కను పట్టి లాగి వదలడం అలవాటైతే మౌసు పట్టడం వచ్చినట్లే. ఆటలో పెట్టి పాఠం చెప్పారన్నమాట!

అయితే ఆ బల్ల అమెరికా ఆఫీసు బల్ల. భద్రపరచడానికి ఫ్లాపీ బొమ్మ పెట్టారు. ఫ్లాపీలు పోయి చాలా ఏళ్లయింది, బొమ్మ మాత్రం చాలా చోట్ల మిగిలింది. ఫ్లాపీని ఎన్నడూ చూడని పిల్లలకు ఆ చదరం ఏమి చెబుతుంది? బొమ్మ పక్కన తెలిసిన భాషలో ఒక మాట కావాలి.

ఆ పనికి తెలుగువారు కొందరు పూనుకొన్నారు. ఎవరైనా స్వేచ్ఛగా మార్చుకోగల లినక్స్ అనే వ్యవస్థను తీసుకొని, దాని మాటలను తెలుగు చేసి, 2005లో 'స్వేచ్ఛ' అనే పేరుతో విడుదల చేశారు. తరువాత బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' కూడా వచ్చింది.

మాటకు మాట పెట్టడం తేలిక అనిపిస్తుంది, కాని కాదు. 'సేవ్' అనే మాటనే తీసుకోండి. మన ఇళ్లలో "డబ్బు దాచాడు" అంటాం. కాబట్టి 'దాచు' అంటే సరిపోతుంది కదా? సరిపోదు. దాచడం అంటే కనబడకుండా చేయడం కూడా. కంప్యూటరులో ఆ పని వేరే ఉంది. రెండింటికీ ఒకే మాట పెడితే పిల్లవాడు తన వ్యాసాన్ని భద్రం చేయబోయి మాయం చేస్తాడు! అందుకే ఒకదానికి 'భద్రపరచు' అనీ, రెండోదానికి 'దాచు' అనీ పెట్టారు. ఇది మంచి నిర్ణయం. 'ఫైలు'కు 'దస్త్రం' అన్నారు. కరణాల కాలపు మాట, తాతగారికి తెలుస్తుంది. 'డిఫాల్ట్'కు 'అప్రమేయం' అన్నారు. కొలవరానిది అని దాని అర్థం. 'ముందే పెట్టి ఉంచినది' అనే అర్థం అందులో ఎక్కడుంది? ఇంగ్లీషు మాటకు భయపడిన పిల్లవాడు దీనికీ భయపడతాడు.

ఈ తగాదా కొత్తది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) చదువు వాడుక భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. కొండల మీది సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు.

ఇక టైపు చేయడం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. 'క' ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే 'ఖ' వస్తుంది. 'గ' మీటలోనే 'ఘ' ఉంది. 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మ అని వరుసగా నొక్కాలి. ఒత్తును కిందికి చేర్చే పని కంప్యూటరుదే.

రాయగడ పిల్లలకు ఇందులో మరో లాభం ఉంది. ఒడియాకూ ఇవే మీటలు. ఇంగ్లీషు మీటలలో జె, ఇ, పి, ఇ నొక్కితే తెలుగులో 'రాజా' వస్తుంది. భాష మార్చి అవే నొక్కితే ఒడియా లిపిలో అదే మాట వస్తుంది. తెలుగులో ఉన్న ఎ, ఒ అనే హ్రస్వాలు ఒడియాలో లేవు. ఆ తేడా తెలిస్తే చాలు, ఒకసారి నేర్చిన వేళ్లు రెండు భాషలు రాస్తాయి.

సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి ప్రపంచ లిపుల పట్టిక అయిన యూనికోడ్‌లో 2012లో చోటు దొరికింది. తెలుగు, ఒడియా 1991 నుంచి అందులో ఉన్నాయి.

పొరపాటు భయం మిగిలే ఉంది కదా! కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కితే రాతలో చేసిన తప్పు వెనక్కు పోతుంది. చెత్తబుట్టలో వేసినది బుట్టను ఖాళీ చేసేవరకు అక్కడే ఉంటుంది. కొత్తవారికి అన్నిటికన్నా ముందు చూపవలసినవి ఈ రెండే.

అభ్యాసం: 'దాచు' వలెనే రెండు అర్థాలున్న మాటలు మీ ఇంట్లో ఏమేమి వాడతారు? 'డిఫాల్ట్'కు మీ అమ్మమ్మకు కూడా తెలిసే మాట ఒకటి ఆలోచించి, దానిని వాక్యంలో ప్రయోగించండి.