ఆసిడ్ అనే మాటకు భయపడాలా?

మా ఇల్లు వెస్ట్ మారేడ్‌పల్లిలో. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం మా చెల్లెలు తన స్నో డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "అన్నయ్యా, నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావు గదా, ఇందులో ఆసిడ్ ఉందిట, చూడు" అంది. లేబుల్ మీద స్టియరిక్ ఆసిడ్ అని ఉంది. పరీక్షల హడావుడిలో ఉన్న నేను "ఏం కాదులే" అని ఊరుకున్నాను. ఆ మాట తనకు ధైర్యమివ్వలేదు. డబ్బా పారేసి, ఎవరో చెప్పారని లేబుల్ లేని క్రీము ఒకటి కొనుక్కుంది. కొద్దిరోజుల్లోనే మొహం తెల్లబడింది. రెండు నెలల తర్వాత మానేసేసరికి మొహమంతా ఎరుపు, మంట. అందులో స్టిరాయిడ్ కలిపి ఉంటారన్నారు డాక్టరుగారు. తగ్గడానికి ఆరు నెలలు పట్టింది. ఆనాడు పది నిమిషాలు కూర్చుని నేను చెప్పవలసిన పాఠం ఇది.

ఆసిడ్ అనగానే మనకు లాబొరేటరీలోని సల్ఫ్యూరిక్ ఆసిడ్ గుర్తుకొస్తుంది. క్రొవ్వు ఆమ్లాల సంగతి వేరు. వీటికి ఒక చివర ఆమ్ల గుణమున్న చిన్న సమూహం, దాని వెనుక పొడవాటి కార్బన్ గొలుసు ఉంటాయి. లారిక్ ఆమ్లంలో 12 కార్బన్లు, పామిటిక్‌లో 16, స్టియరిక్, ఓలియిక్‌లలో 18. ఇవి బలహీనమైన ఆమ్లాలు. పైగా గొలుసు పొడవైన కొద్దీ నీటిలో కరగవు. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లా చర్మాన్ని కాల్చే శక్తి వీటికెక్కడిది? మనం తలకు రాసుకునే కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే, గ్లిసరిన్‌తో కలిసిన రూపంలో. మన చర్మం మీది జిడ్డులో సైతం క్రొవ్వు ఆమ్లాలున్నాయి.

స్నో తయారీలో స్టియరిక్ ఆమ్లాన్ని కరిగించి కొద్దిగా క్షారం కలుపుతారు. కొంత భాగం సబ్బుగా మారి నూనెనూ నీటినీ కలిపి పట్టుకుంటుంది. మిగిలినది సన్నని స్ఫటికాలుగా నిలిచి ముత్యపు మెరుపునిస్తుంది.

మరి ఇవి సురక్షితమేనా? అమెరికాలో సౌందర్య సాధనాల ముడిపదార్థాలను సమీక్షించే నిపుణుల సంఘమొకటి 1976లో ఏర్పడింది. దాని ఖర్చు భరించేది పరిశ్రమే అన్నది మరువరాదు. ఆ సంఘం 1987లో ఓలియిక్, లారిక్, పామిటిక్, మిరిస్టిక్, స్టియరిక్ ఆమ్లాలను పరిశీలించి, వాడుకలో ఉన్న మోతాదుల్లో సురక్షితమని తేల్చింది. 2019లో మరిన్ని క్రొవ్వు ఆమ్లాలను కలిపి చూసినప్పుడు ఒక షరతు పెట్టింది: చర్మానికి మంట, ఎలర్జీ కలిగించని విధంగా తయారు చేయాలి.

ఆ షరతులో అర్థముంది. సురక్షితమంటే అందరికీ సరిపడుతుందని కాదు. లారిక్ ఆమ్లపు సబ్బు నురుగు బాగా ఇస్తుంది గాని, పొడిచర్మాన్ని మరింత పొడిబారుస్తుంది. చుండ్రు ఉన్నవారికి ఓలియిక్ ఆమ్లం తగిలితే పొట్టు ఎక్కువవుతుంది. చుండ్రుకు కారణమైన శిలీంధ్రం తలమీది జిడ్డును విరిచి ఆ ఆమ్లాన్నే విడుదల చేస్తుంది. కనుక చుండ్రుకు నూనె పట్టించడం మందు కాదు. మొటిమలున్నవారు జిడ్డు క్రీములు తగ్గించుకోవడం మేలు.

అసలు ప్రమాదం పేరు రాయని పదార్థంలో ఉంది. తెల్లబరిచే క్రీముల్లో స్టిరాయిడ్లే కాదు, పాదరసం కూడా కలుపుతున్నారు. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. అందుకే తెలుపు. కాని అది ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. మన దేశపు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, కంటి చుట్టూ వాడేవి మినహా, సౌందర్య సాధనాల్లో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించరాదు.

కాబట్టి మిత్రులారా, డబ్బా కొనేముందు తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, పదార్థాల పట్టిక ఉన్నాయో లేదో చూడండి. కొత్తదాన్ని ముందు మోచేతి మడత దగ్గర రాసి, కొన్నాళ్ళు చూసి మొహానికి వాడండి. వారంలో తెల్లబరుస్తానన్నదాన్ని ముట్టుకోకండి.

ఇంకొక్క మాట. సైన్సు చదివేవాళ్ళం మనం. ఇంట్లోవాళ్ళు ఏదైనా అడిగితే "ఏం కాదులే" అని మాత్రం అనకండి. కూర్చుని చెప్పండి. మా చెల్లెలు ఇప్పుడు లేబుల్ చదవనిదే దేన్నీ కొనదు. ఆ అలవాటు తనకు నేను నేర్పింది కాదు. అదే నా బాధ.