ఎర్ర వైనులోని మేలు ఎక్కడిది?

ఎర్ర వైను గుండెకు మంచిదను మాట ద్రాక్షతోటలు పెట్టు రైతులు వినియుందురు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు రెనో, డి లార్జెరిల్ 1992లో ప్రకటించిన వ్యాసముతో ఈ మాట లోకమంతట పాకినది. నమ్మకముందు ఆ మేలు ఎచ్చటినుండి వచ్చునో, ఎంత కలదో తెలిసికొనవలెను.

తొక్కలో ఏమున్నది?
నల్లద్రాక్షలో సాధారణముగా గుజ్జునకు రంగుండదు. రంగునిచ్చు ఆంథోసయనినులు తొక్కలోను, వగరునిచ్చు టానినులు తొక్కలోను గింజలోను ఉండును. బూజు సోకినపుడు తీగ తన రక్షణకై రెస్వెరట్రాల్ అను పదార్థమును తయారుచేసికొనును. అట్లని కుళ్ళిన గుత్తులు మేలని తలచరాదు. బూజు ముదిరినచో అదియే ఆ పదార్థమును నాశనము చేయును.

సారము దిగు విధము
తెల్ల వైనునకు ముందే రసము పిండి తొక్కలు తీసివేయుదురు. ఎర్ర వైనునకు తొక్క, గింజలతోనే కొన్నిదినములు పులియనిత్తురు. రంగు మొదట దిగును. ఆల్కహాలు పెరిగినకొలది గింజలలోని వగరు దిగును. పైకి తేలిన తొక్కలను దినమునకు రెండుమూడుసార్లు రసములో ముంచుట ఇందుకే.

కొలుచు విధము
1. పసుపుపచ్చని ఫోలిన్-సియోకల్టో ద్రావణమును, సోడియం కార్బొనేటును వైనులో కలుపుదురు. నీలిరంగు ఎంత చిక్కనైన ఈ జాతి పదార్థములు మొత్తము అంత అధికము.
2. ఒక్కొక్క పదార్థమును వేరుగా కొలుచుటకు, వడగట్టిన వైనును సన్నని పొడి నింపిన ఉక్కు గొట్టముగుండా ఒత్తిడితో పంపుదురు. ఒక్కొక్కటి ఒక్కొక్క సమయమున బయటపడును. రెస్వెరట్రాలును సుమారు 306 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో గుర్తింతురు.

ఇంటిలో పరీక్ష
నల్లద్రాక్ష తొక్కలను వేడినీటిలో నలిపి వడగట్టుడు. ఒక గ్లాసులో నిమ్మరసము, మరొకదానిలో వంటసోడా వేయుడు. మొదటిది ఎర్రబడును, రెండవది నీలి లేక ఆకుపచ్చ ఛాయకు మారును. ఇది ఆంథోసయనినుల గుర్తు.

లెక్క చూడుడు
లీటరు ఎర్ర వైనులో రెస్వెరట్రాల్ సాధారణముగా కొద్ది మిల్లీగ్రాములే. రెండు మిల్లీగ్రాములనుకొన్నను, పరిశోధనలలో మనుష్యులకిచ్చిన 500 మిల్లీగ్రాముల మోతాదునకు 250 లీటర్లు కావలెను! ఆల్కహాలు ఏ కొలతలోను నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది.

కావున మేలు సీసాలో పుట్టినది కాదు, తీగమీదనే పుట్టినది. నల్లద్రాక్షను బాగుగా కడిగి తొక్కతో తినుడు, పిల్లలకు పెట్టుడు. రసము తీయువారు పిప్పిని వ్యర్థమని పారవేయక ఎరువుగుంటకు చేర్చుడు. వైను మందని చెప్పువారిని మాత్రము ఈ లెక్క అడుగుడు.