వలలను కడుగుట, ఆరబెట్టుట

మన కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలు మెట్టసీమలు. అయినను నీరు నిలిచిన చోటులందెల్ల చేప గలదు. సుంకేశుల మొదలు కడప వరకు పారు కర్నూలు-కడప కాలువ క్రింది చెరువులయందును, వెలుగోడు, మైలవరము జలాశయములయందును, శ్రీశైలము, సోమశిల వెనుకనీళ్లయందును వలనే నమ్ముకొని జీవించు కుటుంబములు పెక్కులు గలవు.

అయితే మన గ్రామపు చెరువులలో అనేకములందు నీరు ఏడాది పొడవునను నిలువదు. నీరు తగ్గిన కొలది దినములలోనే చేపను పట్టి తీరవలెను. ఆ సమయమున వల తెగినచో ఏడాది కష్టమును నీటిపాలగును. ఆ వల అప్పు తెచ్చి కొన్నదైనచో నష్టము రెండింతలు. కావున వలను కడిగి ఆరబెట్టుట అల్పమైన పని యని తలపరాదు.

వల ఏల చెడును?

పూర్వము వలలను నూలుతోను, జనపనారతోను అల్లెడివారు. చేపజిగురు అంటిన తడివలను కుప్పగా పడవైచినచో సూక్ష్మజీవులు పెరిగి ఆ దారమును తినివేసెడివి. అందువలన పెద్దలు వలను తంగేడుచెక్క, తుమ్మచెక్క మొదలగువాని కషాయములో నానబెట్టెడివారు. తోళ్లను పదును చేయు ఆ వగరే దారమును కుళ్లకుండ కొంతకాలము కాపాడెడిది. వాడినకొలది ఆ వగరు నీటిలో కరగిపోవును గనుక మరల మరల నానబెట్టవలసివచ్చెడిది. వలను ఎండలో పరచి త్వరగా ఆరబెట్టుటయు ఆ కుళ్లును ఆపుటకే.

నేటి వలలు చాలవరకు నైలానువి. నైలాను కుళ్లదు. దాని శత్రువు వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణములు నైలాను దారమును లోలోపల బలహీనపరచును. దారము సన్ననిదైనకొలది హాని త్వరగా కలుగును. చూచుటకు వల బాగుగనే యుండును. చేపలు నిండినప్పుడు మాత్రము పుటుక్కున తెగును. తాతలనాటి నూలువలకు మేలు చేసిన యెండయే మన నైలానువలను చెరచుచున్నది. వల మారెను గాని ఆరవేయు అలవాటు మారలేదు. సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే.

మన సీమ గాలి పొడిగాలి. వర్షదినములను విడిచినచో నీడపట్టుననే వల చక్కగా ఆరును. గాలి యుండగా ఎండతో పనియేమి?

కడుగు విధము

1. వేట ముగిసిన దినముననే వలను దులిపి, పొలుసులు, నాచు, నత్తగుల్లలు, ముండ్లు ఏరివేయవలెను.

2. చల్లని మంచినీటితో జిగురు పోవువరకు జాడింపవలెను. బండపై వేసి బాదరాదు. నైలానువలకు బ్లీచింగు పొడి తగిలింపరాదు. అది దారమునకు హాని చేయును.

3. చెట్టునీడను గాని పందిరి క్రింద గాని వెదురుగడలపై వ్రేలాడదీయవలెను. కంపచెట్లపై వేసినచో కన్నులు తెగును. ఎండకు కాలిన నాపరాళ్లపై పరచరాదు.

4. పైత్రాడు, అడుగుత్రాడు, ముడులు, గుండ్లు, బెండ్లు ఉన్నచోట తడి ఆలస్యముగా ఆరును. అచ్చట చేతితో తాకి చూడవలెను.

5. ఆరిన పిమ్మట తెగిన కన్నులను కట్టి, నేలకు తగులకుండ, వెలుతురు సోకని చోట దాచవలెను. చేపవాసన మిగిలినచో ఎలుకలు కొరుకును.

కొత్తవల కొన్ననాడే దాని దారము మూరెడు చీకటిలో దాచియుంచుడు. ఏడాదికొకసారి ఆ దారమును, వలలోని దారమును లాగి పోల్చి చూచినచో వల బలమెంత తగ్గెనో తెలియును.

వలతో వచ్చు రోగము

ఒక చెరువున వాడిన తడివలను వెంటనే మరియొక చెరువున దింపుట మిక్కిలి ప్రమాదకరము. చేపల యొడలిపై పుండ్లు లేపు అంటువ్యాధి 1988లో మన దేశమున ప్రవేశించెను. అది బూజువంటి సూక్ష్మజీవివలన కలుగును, చలికాలమున హెచ్చును. చేపపేను అను పురుగును చేపలను పీడించును. ఈ రెండును తడివలలతోను, తడితట్టలతోను ఊరూరికి పోగలవు. పూర్తిగా ఆరిన వలపై ఇవి బ్రతుకజాలవు. కావున వల ఆరిన పిమ్మటను ఇంకను రెండు దినములు ఆగి, అటుపిమ్మటనే వేరొక చెరువున దింపవలెను. కాలువనీటితో వచ్చు రోగమును ఇది ఆపలేదు. మన చేతులతో మనము తెచ్చు రోగమును మాత్రము ఆపగలదు.

తట్టలు, పెట్టెలు, కత్తులు

చేప నుంచిన పాత్రను మొదట చన్నీటితోనే కడుగవలెను. మొదటనే వేడినీరు పోసినచో రక్తము, జిగురు గట్టిపడి అంటుకొనును. తరువాత సబ్బుతో తోమి, మరల కడుగవలెను. అటుపిమ్మట తాజా బ్లీచింగు పొడిని 10 లీటర్ల నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి, ఆ నీటిని పెట్టెలకును, కోతపీటలకును పట్టించి, 10 నిమిషములాగి మంచినీటితో కడుగవలెను. ఈ నీటిని చెరువులో పోయరాదు, చేపలు చచ్చును. ఇనుపకత్తులు దీనివలన త్రుప్పుపట్టును గనుక వానిని మరిగిన నీటితో కడిగి, తుడిచి యుంచవలెను. వెదురుతట్టల అల్లికలో జిగురు దాగియుండును గనుక కుంచెతో తోమి, బాగుగా ఎండలో పెట్టవలెను. వలకు కీడైన యెండ తట్టకు మేలే.

సంఘములు చేయవలసినది

ఒక్కరు జాగ్రత్తపడి, తక్కినవారు తడివలలతో దిగినచో ఫలము లేదు. చెరువు అందరిదియు ఒక్కటే గదా. కావున ప్రతి సంఘమును గట్టున ఒక నీడపందిరి వేయించి, పైయూరి వల యేదియు అచ్చట ఆరనిదే నీటిలో దింపరాదని తీర్మానించుట మంచిది. కూలికి వచ్చిన వలకును, అధ్యక్షుని వలకును ఈ నియమము ఒక్కటే కావలెను. పందిరికి పట్టు వ్యయము కొలది గుంజలు, కొంత కసవు మాత్రమే. అది కాపాడునది ఊరిచేపను, అప్పుతో కొన్న వలను.