ఆకుకు తడి, పూవుకు గాలి

దసరాకు గుమ్మానికి కట్టిన తోరణం విజయదశమి మర్నాటి దాకా పచ్చగా ఉండాలంటే పని ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. పండగ పొద్దున తలస్నానాలు, పూజ, పొయ్యి మీద పులిహోర అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ హడావిడిలో కట్టిన ఆకులు మధ్యాహ్నానికే అంచులు ముడుచుకుంటాయి. తోరణం కట్టడం ఎవరికైనా వచ్చే పనే. ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచీ చివరి దాకా గుర్తుంచుకోవాలి: మామిడాకుకు తడి కావాలి, బంతిపూవుకు గాలి కావాలి. రెంటినీ ఒకే సంచిలో మూటగట్టి, రెంటి మీదా ఒకేలా నీళ్లు చల్లడం వల్లే చాలా తోరణాలు తొందరగా పాడవుతాయి.

కొలత దగ్గర మొదలుపెడదాం. వీధి గుమ్మం మూడున్నర అడుగుల వెడల్పుంటే అయిదడుగుల పురికొస తీసుకోండి. మధ్యలో కాస్త వంపు దిగడానికి పోయేది రెండు మూడు అంగుళాలే, మిగతాదంతా రెండు చివర్లా ముడులకు. నైలాన్ తాడు వద్దు. దాని మీద ఆకు జారిపోయి అన్నీ మధ్యకు వచ్చి గుంపుగా చేరతాయి. జనపనార పురికొస గరుకుగా ఉండి ఆకును పట్టుకుంటుంది. పైగా కాస్త తడిని దాచుకుంటుంది కూడా.

ఇక ఆకులు. ఎర్రగా, రాగి రంగులో ఉన్న లేత ఆకు చూడ్డానికి ముద్దొస్తుంది కానీ గంటలో వాలిపోతుంది. బాగా ముదిరి, అంచులు ఎండుబారినదైతే మడిచేటప్పుడు చిట్లుతుంది. ఈ రెంటికీ మధ్యలో, ముదురాకుపచ్చగా, వంచితే వంగి మళ్లీ లేచే ఆకు కావాలి. తేనెమంచు పురుగు పట్టిన చెట్టయితే ఆకుల మీద నల్లటి మసి ఉంటుంది. అది ఎంత తుడిచినా సరిగ్గా పోదు, వేరే కొమ్మ చూసుకోవడమే మేలు. ఆకులు విడివిడిగా గిల్లకుండా చిన్న రెమ్మలుగా కోసి, కోసిన చోటు నుంచి కారే సొనను కాసేపు కిందికి కారనివ్వండి. జీడిమామిడి కుటుంబానికే చెందిన చెట్టు కాబట్టి ఆ సొన కొందరి చర్మానికి పడదు, దురద పెడుతుంది.

రెమ్మల్ని ఒక బకెట్టు నీళ్లలో అరగంట పూర్తిగా ముంచి ఉంచండి. రోడ్డు పక్క చెట్టయితే ఆ తర్వాత రెండు వైపులా గుడ్డతో తుడవాలి. రాత్రికి రెమ్మల కాడలు మాత్రం నీళ్లలో మునిగేలా నిలబెట్టండి. అలా చేస్తే పొద్దుటికి ఆకు బిర్రుగా, నిగనిగలాడుతూ ఉంటుంది.

మామిడాకునే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి చాలా మాటలు వినిపిస్తాయి. కోసిన తర్వాత కూడా అది ఇంటికి ప్రాణవాయువు ఇస్తుందనేది అందులో ఒకటి. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. కంటికి కనిపించే కారణమే చాలు: ఆ ఆకు తోలులా మందంగా ఉంటుంది, పైన మైనపు పొర ఉంటుంది, లోపలి నీరు తొందరగా బయటికి పోదు. అందుకే చెట్టు నుంచి విడిపోయినా రోజుల తరబడి పచ్చదనం నిలుస్తుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో క్రిస్మస్‌కు గుమ్మాలకు మాగ్నోలియా ఆకులతో దండలు కడతారు. ఆ ఆకూ ఇలాంటిదే, మందంగా, మెరుస్తూ ఉంటుంది. మామిడాకు దొరకని మన వాళ్లెవరైనా ఆ ఊళ్లలో ఉంటే దాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు, కట్టే పద్ధతి మారదు.

ఆకును తాడుకు ఎక్కించడానికి మూడు దారులున్నాయి. పురికొస పురి కాస్త విప్పి, ఆ సందులో తొడిమ దూర్చి వదిలేయడం అన్నిటికన్నా వేగం. కానీ తొడిమ ఎండి సన్నబడగానే ఆకు జారుతుంది. రెండోది, ఆకు మొదలును తాడు మీదుగా వెనక్కి మడిచి, దాని తొడిమనే ఆకులో గుచ్చడం. పిల్లలకు ఇదే నేర్పాలి, ఏ పనిముట్టూ అక్కర్లేదు. నేను నమ్మేది మూడోదాన్ని. ఆకు మొదలును రెండు వేళ్ల మందాన తాడు మీదుగా వెనక్కి మడిచి, విస్తరి కుట్టినట్టే కొబ్బరి ఈనె ముక్కతో ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి గుచ్చాలి. ఈనె పచ్చిది కాకుండా ఎండినదై ఉండాలి. పచ్చి ఈనె ఎండేకొద్దీ సన్నబడి పట్టు వదులుతుంది.

మెరిసే వైపు బయటికి, కొన కిందికి ఉండాలి. చివరి నుంచి మొదలుపెట్టకండి. తాడును సగానికి మడిచి నడిమధ్య గుర్తు పెట్టుకుని, అక్కడ అన్నిటికన్నా పెద్ద ఆకు గుచ్చండి. అక్కడి నుంచి కుడికొకటి, ఎడమకొకటి, పోనుపోను చిన్నవి. ఇలా చేస్తే లెక్క దానంతటదే బేసి సంఖ్యలో వస్తుంది. పదకొండో, పదిహేనో, ఇరవై ఒకటో అన్నది మీ గుమ్మాన్ని బట్టి. ఆకుకూ ఆకుకూ మధ్య ఒక పూవు పట్టేంత ఎడం వదలండి. ఒకదాని మీద ఒకటి ఒరిసిపోయేలా కుడితే లోపలి ఆకు ఉక్కపోతకు మచ్చలు పడుతుంది.

ఇప్పుడు బంతి. మామిడి ఈ నేలదే. బంతి మాత్రం మెక్సికో నుంచి వచ్చింది, అంటే 1492 తర్వాతే మన గుమ్మాలు ఎక్కింది. అక్కడ ఈనాటికీ నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగకు ఇదే పూవుతో ఇళ్లు, సమాధులు అలంకరిస్తారు. అంత దూరపు పూవు మన బతుకమ్మలోకీ, గొబ్బెమ్మల మీదకీ ఇంత సహజంగా వచ్చి కూర్చోవడం నాకెప్పుడూ ఆనందమే.

కడియపులంక పూల మార్కెట్టులోనైనా, హైదరాబాదు గుడిమల్కాపూర్‌లోనైనా దసరా ముందు బంతి గుట్టలుగా దిగుతుంది. తెలంగాణలో సద్దుల బతుకమ్మ కూడా ఆ రోజుల్లోనే కాబట్టి ధర బాగా పెరుగుతుంది. కొనేటప్పుడు గుట్టలోకి చెయ్యి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే ఆ పూలు వద్దు. కోసిన పూవు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. గుట్టగా పోస్తే ఆ వేడి బయటికి పోలేక పూలు మగ్గిపోతాయి. తర్వాత ఒక పూవు తీసుకుని కింది పచ్చటి గిన్నెను నొక్కండి. గట్టిగా ఉండాలి. తలకిందులు చేసి దులిపితే రేకలు రాలకూడదు. వానలో తడిసిన పూవు బరువు తూగుతుంది, కానీ రెండో రోజుకు నల్లబడుతుంది. తోరణానికి ముద్దబంతే తగినది, రెక్కబంతి దారానికి ఎక్కిన తర్వాత పలచగా కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరులోంచి వెంటనే తీసేయండి. నీళ్లలో వేయొద్దు. చాప మీదో, కాగితాల మీదో ఒక్క వరుసగా పరిచి ఫ్యాను గాలి తగలనివ్వండి. రాత్రికి పైన ఒక పలచని తడిగుడ్డ కప్పితే చాలు.

దండకు గట్టి నూలుదారం రెండు పేటలు, చిన్న దబ్బనం కావాలి. కాడను గిన్నెకు ఆనించి తుంచేయండి. దబ్బనాన్ని రేకల్లోంచి కాక పచ్చటి గిన్నె మధ్య నుంచి పోనివ్వాలి, పూవుకు బలమంతా అక్కడే ఉంది. పూలన్నీ ఒకే వైపు చూసేలా గుచ్చితే దండ పాములా సన్నగా వస్తుంది. గిన్నెకు గిన్నె ఆనేలా, ఒక పూవు పైకి, ఒకటి కిందికి చూసేలా జతలు జతలుగా గుచ్చితే ఎటు చూసినా నిండుగా ఉంటుంది. మరీ అదిమి కూర్చకండి. వేలికొన దూరేంత సందు ఉండాలి, ఆ సందులోంచే గాలి ఆడుతుంది. రోడ్డు మీద మూరల లెక్కన అమ్మే దండలు చాలావరకు అందుకే సాయంత్రానికి అడుగున కుళ్లు వాసన వేస్తాయి.

నాకు నచ్చే కూర్పు ఇది: మామిడాకుల తాడు విడిగా, దాని ఎడాల్లో ఒక్కొక్క పసుపు బంతి, రెండు పక్కలా ద్వారబంధం పొడవునా వేలాడే నారింజ బంతి సరాలు. సరం అడుగున ఒక మామిడాకు ముడి వేస్తే బరువుకు నిటారుగా నిలుస్తుంది.

కట్టేటప్పుడు ముందు మధ్య గుర్తును గుమ్మం నడిమికి ఆనించి, తర్వాత రెండు చివర్లూ ఒకేసారి లాగి మేకులకు చుట్టండి. అద్దె ఇళ్లలో మేకులు కొట్టనివ్వరు, అంటించే కొక్కేలు తడి పూల బరువుకు ఊడిపోతాయి. అలాంటి చోట తలుపు పైనున్న గ్రిల్లుకో, వెంటిలేటరు కమ్మీకో రెండు తాళ్లు కట్టి కిందికి దించడమే నమ్మకమైన పద్ధతి. తలుపు ఒకసారి పూర్తిగా వేసి తీసి చూడండి, ఆకు కొన నలగకూడదు. దీపావళికైతే గడప పక్కన పెట్టే ప్రమిదలకూ సరాల కొసలకూ మధ్య కనీసం మూరెడు ఖాళీ ఉండాలి.

పొద్దున, సాయంత్రం ఆకుల వెనక వైపు మాత్రం నీళ్లు చిలకరించండి. ఆకు నీరు కోల్పోయేది ఎక్కువగా ఆ వైపు నుంచే. పూల మీద చల్లకండి. రేకల మడతల్లో నిలిచిన నీరే వాటిని కుళ్లబెడుతుంది.

తీసేసే రోజు ఈనెలు లాగేసి ఆకుల్ని మొక్కల మొదట్లో వేయొచ్చు. పురికొస ఆరబెట్టి చుట్టేసుకుంటే సంక్రాంతికి పనికొస్తుంది. బాగా ముదిరిన బంతుల్ని నీడలో ఎండబెడితే కొన్నిట్లో నల్లటి సన్నని గింజలు దొరుకుతాయి. హైబ్రిడ్ రకాలైతే తల్లిలాంటి పూవే వస్తుందని చెప్పలేం, ఒక్కోసారి గింజే కట్టదు. నాటు రకమైతే నిశ్చింతగా దాచుకోండి. విత్తిన రెండు నెలలకు పూత మొదలవుతుంది కాబట్టి వచ్చే దసరాకు మన పెరటి పూలే కావాలంటే ఆషాఢం వెళ్లేలోపు గింజ మట్టిలో పడాలి.