పీకే ముందు పేరు తెలుసుకో

నాన్నా,

కాలేజీ స్నేహితులతో కలిసి కంబాలకొండలో శ్రమదానానికి వెళ్తున్నామని, కత్తి కొనాలా గునపం కొనాలా అని అడిగావు. రెండూ కొనకు. పనిముట్ల సంగతి అటవీశాఖ వాళ్ళని అడగండి, వాళ్ళు ఏది పట్టమంటే అదే పట్టండి. నువ్వు సిద్ధం చేసుకోవాల్సింది మొక్కని చూసి అది ఏమిటో చెప్పగలిగే చూపు. బాటనీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

కంబాలకొండ విశాఖని ఆనుకుని ఉంది కాబట్టి జనం దాన్ని పార్కు అనుకుంటారు. అది 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉన్న అడవి, ఇప్పుడు అభయారణ్యం. సుమారు 70 చదరపు కిలోమీటర్లు, లోపల చిరుతలు తిరుగుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకుపోకూడదు, నిప్పు పెట్టకూడదు. పుణ్యానికి పీకానంటే చట్టం ఒప్పుకోదు. కాబట్టి ముందుగా రేంజి ఆఫీసుకి వెళ్ళి ఏ తేదీన, ఏ చోట, ఏ మొక్క తీస్తారో కాగితం మీద రాయించుకోండి. గార్డు గానీ, బీటు తెలిసినవాళ్ళు గానీ వెంట లేకుండా ఒక్క అడుగు కూడా లోపలికి వద్దు.

ఇక అసలు విషయం. నీలాంటి ఉత్సాహవంతులు అడవిలోకి వెళ్ళగానే చేసే మొదటి పని నేలని నున్నగా చేయడం. ఎండుటాకులు ఊడ్చేస్తారు, పడిపోయిన మానుల్ని పక్కకి లాగేస్తారు, ముళ్ళపొద కనిపిస్తే నరికేస్తారు. ఫొటోలో భలే బాగుంటుంది. అయితే ఆ ఎండుటాకు కుళ్ళితేనే నేలకి బలం. పుచ్చిన మానులో చెదలు, పుట్టగొడుగులు, తేళ్ళు, పిల్లబల్లులు బతుకుతాయి, వాటి కోసం ఉడుము వస్తుంది. మన తూర్పు కనుమల ముళ్ళపొదలు చాలావరకు ఈ నేలవే. రేగు, పరికి, కలివి, బలుసు అలాంటివి. పిల్లి దూరలేని ఆ ముళ్ళ మధ్యే పిట్టలు గూళ్ళు కట్టుకుంటాయి, ఆ పళ్ళు తినే నక్కలు, పునుగులు గింజల్ని దూరాలకి మోసుకెళ్తాయి. అడవి చిక్కగా ఉండడం రోగం కాదు. మనిషి నడవడానికి దారి లేదంటే అడవికి ఇబ్బంది ఉన్నట్టు కాదు.

మరి ఏది తీయాలి? అన్నిటికన్నా ముందు లాంటానా. కొందరు తలంబ్రాల చెట్టంటారు, కొందరు పులికంప అంటారు. దక్షిణ, మధ్య అమెరికాల మొక్క. 19వ శతాబ్దం మొదట్లో పూల అందం చూసి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెచ్చారు. అక్కడి నుంచి దేశమంతా అల్లుకుపోయింది. పశువులు మేయవు, మేస్తే జబ్బు పడతాయి. ఆకుల్లో, వేళ్ళలో ఉండే రసాయనాలు పక్క మొక్కల మొలకల్ని అణచేస్తాయి. దాని కింద గడ్డి చస్తుంది, గడ్డి చస్తే జింకకి మేత ఉండదు. ఎండాకాలంలో ఆ ఎండు కంపకి నిప్పంటుకుంటే మంట నేల మీద ఆగదు, కొమ్మల దాకా ఎక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని కొట్టినప్పుడు ఈ కొండల్లో పెద్ద చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. పైన నీడ పోయి వెలుతురు దిగిన చోటల్లా ఇలాంటి మొక్కకి పండగే.

గుర్తులు చెప్తాను, రాసుకో. కాండం పలకలుగా ఉంటుంది, దాని మీద వంకీ ముళ్ళు. ఆకులు ఎదురెదురుగా, గరుగ్గా ఉంటాయి. ఒక ఆకు నలిపి వాసన చూస్తే ఘాటు తెలిసిపోతుంది. ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు. కాయ పచ్చగా ఉండి, పండితే నల్లబడుతుంది. ఈ గుర్తుల్లో ఒకటి తప్పినా చెయ్యి ఆపి, తెలిసినవాళ్ళని పిలువు.

దీన్ని నరికితే చావదు. మొదలు దగ్గర నరికిన ప్రతిచోటా నాలుగు చిగుళ్ళు లేస్తాయి. నరికి నరికి అడవిని లాంటానా తోటగా మార్చిన చోట్లు నేను చూశాను. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు, ఆయన సహచరులు కార్బెట్ పులుల అభయారణ్యంలో ఒక పద్ధతి చేసి చూపించారు. కాండం, వేరు కలిసే చోట చిగుళ్ళు లేచే ముడి ఉంటుంది. మట్టి కొంచెం తవ్వి, ఆ ముడికి కింద, అంటే నేలకి మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతున, తల్లివేరుని తెగ్గొట్టాలి. తర్వాత పొదని మొత్తంగా ఎత్తి తలకిందులుగా, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టాలి. మట్టి తగలకుండా ఉంటే ఎండిపోతుంది. మందులూ అక్కర్లేదు, నిప్పూ అక్కర్లేదు. తవ్వేటప్పుడు పక్కనున్న మంచి మొక్క వేరు తెగకుండా చూసుకోవడమే కష్టం, అందుకే ఈ పనికి తొందర పనికిరాదు. కాయలు పండాక చేస్తే గింజలు రాలి మళ్ళీ మొలుస్తాయి కాబట్టి పండకముందే మొదలుపెట్టాలి.

గింజలు మోసేది ముఖ్యంగా పికిలిపిట్టల లాంటి పళ్ళు తినే పక్షులు. అవి వాలే చెట్ల కిందే మొలకలు గుంపులుగా లేస్తాయి. అందుకని మొదట వెతకాల్సింది అక్కడే. వానలు తగ్గి మట్టి ఇంకా మెత్తగా ఉన్నప్పుడు చిన్న మొలక వేలితో లాగినా వచ్చేస్తుంది. పెద్ద పొదలతో యుద్ధం చేసే మగవాళ్ళ పక్కన ఈ మొలకల్ని ఏరే అమ్మాయిలు పనేమీ చేయనట్టు కనిపిస్తారు గానీ, వచ్చే ఏటి అడవిని కాపాడేది వాళ్ళే.

లాంటానా తర్వాత తీయాల్సిన వయ్యారిభామ గురించి రెండు మాటలు. పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పొడుగు చేతుల చొక్కా, చేతికి తొడుగులు తప్పనిసరి, ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. ఆస్తమా ఉన్న నీ స్నేహితుణ్ణి దీని దగ్గరికి రానివ్వకు. సర్కారు తుమ్మ జోలికి మీరు వెళ్ళొద్దు, దాని ముల్లు బూటు అడుగుని కూడా దాటుతుంది, అది శాఖ వాళ్ళ పని.

చెత్త సంగతికొస్తే, శ్రమదానానికి వచ్చి ప్లాస్టిక్ గ్లాసులో టీ తాగి అక్కడే పారేసిన పెద్దమనుషుల్ని చూశాను, బేనర్ మాత్రం మరిచిపోకుండా ఇంటికి పట్టుకెళ్ళారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్ళేలు, చెంచాలు దేశమంతటా నిషేధం. మీ గుంపు స్టీలు గ్లాసులు, నీళ్ళ సీసాలు తెచ్చుకోండి. ఏరేటప్పుడు సీసాలు ముందు చూడు. మూతలేని గాజు సీసాలోకి దిగిన పురుగులు, బల్లిపిల్లలు ఎక్కలేక చచ్చిపోతాయి. సంచిలో వేసే ముందు వంచి దులుపు. తిన్న ఎంగిలి ఎంత చిన్నదైనా వదలొద్దు. దానికి కోతులు, కుక్కలు వస్తాయి, కుక్క కోసం చిరుత గట్టు దాటి ఊరివైపు దిగుతుంది. ఏ మలుపులో ఏ రకం చెత్త ఎక్కువ పడిందో నోటు బుక్కులో రాసుకో, ఆ వివరం రేంజి ఆఫీసులో ఇస్తే బుట్టలు ఎక్కడ పెట్టాలో, ఎవరిని కాపలా ఉంచాలో వాళ్ళకి తెలుస్తుంది. సూదులు కనిపిస్తే చేత్తో తాకకు.

కనబడని చోట చెయ్యి పెట్టకు. ముందు కర్రతో తట్టు. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది. పాము కనిపిస్తే నిలబడి, మెల్లగా వెనక్కి రా. ఖర్మ కాలి కాటేస్తే కోయడం, కట్టు బిగించడం, నాటు మందులు అన్నీ మానేసి, మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపండి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఒక్క ఆదివారంతో సరిపెట్టుకునేలా ఉంటే అసలు వెళ్ళకపోవడమే మంచిది. చిన్న జాగా తీసుకోండి, ఏడాదిలో మూడు నాలుగు సార్లు అదే జాగాకి రండి. లాంటానా తీసిన చోట ఏం మొలిచిందో పేరు పేరునా రాసి నాకు పంపు. గడ్డి వస్తే ఒక సంగతి, మళ్ళీ అదే కంప వస్తే మీ పద్ధతి ఎక్కడ తప్పిందో కలిసి వెతుకుదాం. బయటికొచ్చే ముందు బూట్ల మట్టి, ప్యాంటుకి అంటుకున్న గింజలు గేటు దగ్గరే దులుపుకుని సంచిలో వేసుకో. మీ అమ్మ పెరట్లో వయ్యారిభామ మొలిస్తే నన్ను అడుగుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ